చీనయ్యదిబ్బ: బాతుల పోలనకు దొరికిన గురువు

చీనయ్యదిబ్బ దాకా బస్సు రాదు. కాకరవాగు వంతెన దగ్గర దిగి, ఉప్పు పండించే ఉప్పుకయ్యల గట్టు మీదుగా మూడు ఫర్లాంగులు నడవాలి. ఎండాకాలంలో ఇసుక కాళ్లు కాలుస్తుంది, వానాకాలంలో బురద చెప్పులు లాక్కుంటుంది. కనుక యాత్రికులు మాఘమాసంలో రావడం అన్నివిధాలా శ్రేయస్కరం. దిబ్బ మీద ఇటుక అరుగు, దాని మీద తాటాకు కప్పిన ఒక చిన్న గది కనిపిస్తాయి. గోపురం ఎక్కడని అడగవద్దు. లేదు. ధ్వజస్తంభం కూడా లేదు. గోపురం కట్టిస్తామని వచ్చిన ఇద్దరు ముగ్గురు దాతలకు పెద్దలు చల్లని మజ్జిగ ఇచ్చి, పేరుపేరునా కుశలమడిగి, మర్యాదగా సాగనంపారు.

ఉత్సవం నాడు ఇక్కడ వరుస కదలదని చాలామంది ఫిర్యాదు చేస్తుంటారు. అది నిజమే. ఇక్కడ తోసుకోవడం ఆచారం కాదు, దారి ఇవ్వడం ఆచారం. పోయిన ఏడాది రిటైరైన ఇద్దరు ఉపాధ్యాయులు గడప దగ్గర "మీరు పదండి" అంటే "మీరు పదండి" అని ఒకరికొకరు చెప్పుకుంటూ అరగంట నిలబడిపోయారు. వెనక ఉన్నవాళ్లు చివరికి ఇద్దరినీ కలిపి లోపలికి నెట్టవలసి వచ్చింది. నెట్టినవారు ఆ తరువాత వాళ్ల ఇళ్లకు వెళ్లి క్షమాపణ చెప్పుకున్నారు.

ఇంకొక మనవి. ఇంతకు ముందు అచ్చయిన స్థల పురాణంలో చీనయ్య సముద్రం మీద నడిచి వచ్చాడని ఒకచోట, బాతు వాహనం ఎక్కి వచ్చాడని మరొకచోట రాశారు. రెండూ తప్పే. ఆయన ఓడలో వచ్చాడు. దారిపొడుగునా వాంతులు చేసుకుంటూ వచ్చాడు. ఉన్నది ఉన్నట్టు చెబితే మహిమ తగ్గిపోతుందని భయపడేవారు ఆ పాత పుస్తకమే చదువుకోవచ్చు.

పూర్వం ఇక్కడ ఒక రేవు ఉండేది. వాగు సముద్రంలో కలిసే చోట చీనా దేశపు ఓడలు లంగరు వేసి, పట్టు, పింగాణీ దింపి, మన నూలుబట్టలు ఎక్కించుకుని పోయేవి. రేవుకు ఇవతల పల్లెలో పోలన అనే బాతుల కాపరి ఉండేవాడు. నూట నలభై బాతులు అతని ఆస్తి. ఆ నూట నలభైలో ఒక్కటీ అతని మాట వినేది కాదు. ఇదే అతని దుఃఖం, ఊరికి ఇదే వినోదం.

బాతులు వినేది అతని తల్లి కామసాని మాట. మొగుడు పోయిన నాటి నుంచి మందను పెంచింది ఆమే. పొడుగాటి వెదురు కర్ర భుజాన వేసుకుని ఆమె ఒక కూత కూసిందంటే, వాగులో నత్తలు ఏరుకుంటున్న బాతులన్నీ తినడం ఆపి ఒడ్డెక్కేవి. అటువంటి కామసాని ఒక జ్యేష్ఠమాసంలో, చూపు మందగించి, మందను పొరపాటున ఊరిపెద్ద నారుమడిలోకి తోలింది. గడియలో మడి మడంతా బాతుల పాలయింది. ఊరిపెద్ద చెప్పుకాళ్లతో పరుగెత్తుకొచ్చాడు, ఊరంతా చుట్టూ చేరి నవ్వింది. పోలనకు తల కొట్టేసినట్టయింది. అతడు నలుగురిలో తల్లి చేతిలోని కర్ర లాక్కుని, "ఇంక నువ్వు ఇంట్లో కూర్చో. పెట్టింది తిను" అన్నాడు.

కామసాని ఏమీ అనలేదు. ఆమె ఏమీ అనకపోవడం అదే మొదటిసారి. ఆ సాయంత్రమే ఒక కుండ, ఒక చాప, ఒక కుంటి బాతు తీసుకుని వాగు అవతల పాడుబడ్డ దొడ్డిలోకి మకాం మార్చింది. మర్నాటి నుంచి పొద్దు వాలేసరికి బాతులన్నీ వాగు ఈది ఆమె దగ్గరికే పోయి పడుకునేవి. పోలన పొద్దున్నే వాగు దాటి వెళ్లి, తల్లి ముఖం చూడకుండా వాటిని తోలుకొచ్చేవాడు. ఆమె అతనితో మాట్లాడేది కాదు, కుంటి బాతుతో మాట్లాడేది. "నీ యజమానికి చెప్పవే, గోడ నానిపోయి ఉండాది, తుపాను నెలకు నిలబడదు అని" అనేది. "నీ యజమానురాలికి చెప్పవే, ఇంటికి రావొచ్చు గదా అని" అని పోలన గోడవైపు చూసి అనేవాడు. బాతు ఎవరి మాటా ఎవరికీ చేరవేసేది కాదు. ఇలా నెలలు గడిచాయి. కార్తీకం దగ్గర పడుతోంది. కార్తీకంలో కాకరవాగు ఎలా పొంగుతుందో పోలనకు బాగా తెలుసు. రాత్రి అన్నం సయించేది కాదు. అయినా తల్లిని రమ్మని నోరారా అడగడానికి మాత్రం నోరు వచ్చేది కాదు.

ఆ రోజుల్లోనే ఒక ఉదయం బాతులు అతన్ని లెక్కచేయకుండా ఈ దిబ్బెక్కాయి. తిట్టుకుంటూ వెంటపడ్డ పోలనకు దిబ్బ మీద ఒక గుడిసె, గుడిసె ముందు గోనెలాంటి ముతకబట్ట కట్టుకుని, తల కింద మట్టిబెడ్డ పెట్టుకుని గడ్డిమీద పడుకున్న ఒక మనిషి కనిపించారు. బాతులు ఆయన చుట్టూ చేరి గడ్డి పీకుతున్నాయి. ఆ మనిషి లేచి, బట్ట సర్దుకుని, చేతులు రెండూ కలిపి నడుము వంచి దండం పెట్టాడు. పోలన భయపడి తనూ వంగాడు. వంగినవాడికి తిరిగి వంగకపోతే మర్యాద కాదు కాబట్టి ఆయన ఇంకాస్త కిందికి వంగాడు. పోలన ఇంకా కిందికి వంగాడు. పదకొండో దండానికి పోలన నడుము పట్టేసింది. లేవలేక అలాగే ఉండిపోతే, ఇంత వినయవంతుణ్ణి తన జన్మలో చూడలేదని ఆ పరదేశి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

ఆయన పేరు లియాంగ్. ఊరివాళ్ల నోట చీనయ్య అయ్యాడు. చీనా ఓడలో రాతకోతలు చూసుకునే ఉద్యోగి. పదేళ్లుగా ఈ రేవుకు వస్తూ పోతూ పడవవాళ్ల దగ్గర తెలుగు నేర్చుకున్నాడు. మర్యాద అంటే ప్రాణమిచ్చే మనిషికి పడవవాళ్లు నేర్పిన తెలుగు ఎంత మొరటుదో తోచి సిగ్గు వేసేది. ఎవరి పేరు చివర గారు పెట్టాలో, ఎవరికి పెట్టకూడదో తెలియక, ఎందుకైనా మంచిదని అన్నిటికీ పెట్టేవాడు. "పోలనగారూ, బాతుగారు నా పడక తింటున్నారు" అన్నది ఆయన పలికిన మొదటి వాక్యం.

పోలన ఊళ్లోకి పరుగెత్తి మహాముని దొరికాడని చాటాడు. ఊరు ఊరంతా దిబ్బెక్కింది. ముతకబట్ట, గంజి భోజనం, మట్టి తలగడ, సంగీతం వినబడితే చెవులు మూసుకోవడం, ఇవన్నీ చూశాక ఎవరికీ సందేహం మిగల్లేదు. నిష్ఠాగరిష్ఠుడైన తపస్వి కాకపోతే ఈ అవస్థ ఎవరు పడతారు? లియాంగ్ చేతులు జోడించి, తాను మునిని కానని, ఓడ ఈ రేవులో ఉండగా తన తల్లి పోయిందన్న కబురు మరొక ఓడ మీద అందిందని, కన్నవారు పోతే ఇరవై ఏడు నెలలు ఉద్యోగం, విందు, వినోదం మానేసి శోకదీక్షలో ఉండడం తమ ఆచారమని చెప్పాడు. కబురు విన్నచోటే ఓడ దిగిపోయాడు. సమాధి పక్కన గుడిసె వేసుకోవాలి కాని సమాధి సముద్రానికి అవతల ఉంది. కనుక అటువైపు తిరిగి ఇక్కడే వేసుకున్నాడు. గుడిసెలో ఒక చెక్కపలక నిలబెట్టి ఉంది. దాని మీద తల్లి పేరు రాసుకున్నాడు. రోజూ దానికి దండం పెట్టి, పొద్దున ఏం జరిగిందో చెప్పేవాడు.

ఊరివాళ్లు అంతా విని, తాను మునిని కానని చెప్పేవాడే అసలైన ముని అని తేల్చుకున్నారు.

"ఇంత నిష్ఠ నేర్పిన మీ దేవుడెవరు సామీ?" అని ఊరిపెద్ద అడిగాడు.

"దేవుడు కాదు. గురువు. కొంగ్ గురువుగారు."

"చేతులెన్ని?"

"రెండు."

"వాహనం?"

"ఎడ్లబండిలాంటిది. అదీ ఎప్పుడూ విరిగిపోయేది."

"ఏ రాక్షసుణ్ణి సంహరించాడు?"

లియాంగ్ చాలాసేపు ఆలోచించి, ఎవరినీ సంహరించినట్టు తనకు తెలియదని, ఒకసారి దారిలో ఆయనే తిండి లేక చావబోయాడని చెప్పాడు. జనం ముఖముఖాలు చూసుకున్నారు. ఇంత నిస్సారమైన మహిమ వాళ్లెప్పుడూ వినలేదు.

యాత్రికుల సౌకర్యార్థం ఆయన ఆనాడు చెప్పిన సంగతి ఇక్కడ ఇస్తున్నాము. ఆ కొంగ్ గురువునే ఇప్పుడు లోకం కన్ఫ్యూషియస్ అంటున్నది. రెండున్నర వేల ఏళ్ల కిందట చీనాలో లూ అనే చిన్న రాజ్యంలో పుట్టాడు. మూడేళ్లకే తండ్రి పోతే తల్లి బీదరికంలో పెంచింది. పెద్దవాడై ధాన్యపు కొట్లు చూశాడు, పశువుల మందలు చూశాడు. ఇక్కడ పోలన లేచి "బాతులా?" అని అడిగాడు. ఆవులు, గొర్రెలు అని లియాంగ్ అనగానే నిరాశగా కూర్చున్నాడు. ఆ కాలంలో రాజులు ఒకరినొకరు పొడుచుకుంటుంటే, మనుషులు సరిగ్గా ఉంటే రాజ్యం సరిగ్గా ఉంటుందని గురువు నమ్మాడు. ఆ మాట చెప్పడానికి శిష్యులను వెంటబెట్టుకుని పదమూడు పద్నాలుగేళ్లు రాజ్యం రాజ్యం తిరిగాడు. రాజులు మర్యాదగా విన్నారు, ఒక్కరూ పాటించలేదు. ముసలితనంలో ఇల్లు చేరి చదువు చెప్పుకున్నాడు. ఓడిపోయానని అనుకునే పోయి ఉంటాడు. పోయాక శిష్యులు మూడేళ్లు శోకదీక్ష పట్టి, ఆయన మాటలు గుర్తుపెట్టుకుని, తరువాతివాళ్లకు అప్పగించారు. కొన్ని వందల ఏళ్లకు ఆ మాటలే ఆ దేశానికి బడి, కోర్టు, ఇల్లు అయ్యాయి.

ఆయన మతంలో మొదటిది మనిషితనం. ఎదుటివాడూ మనలాంటి మనిషేనని మరిచిపోకపోవడం, మనకు గిట్టని పని వాడికి చేయకపోవడం. రెండోది మర్యాద. తినడం, పలకరించడం, పెళ్లి, చావు, దేనికి తగ్గ పద్ధతి దానికి ఉండాలి. మంచితనం మొలిచే మడి మాత్రం ఇల్లు. కన్నవారి పట్ల భక్తి లేనివాడికి లోకం మీద భక్తి ఎక్కణ్ణుంచి వస్తుంది? రాజూ ప్రజా, తండ్రీ కొడుకూ, భార్యా భర్తా, అన్నా తమ్ముడూ, స్నేహితుడూ స్నేహితుడూ. ఈ అయిదు బంధాలు చక్కగా ఉంటే చాలు. పుట్టుకతో ఎవడూ పెద్దమనిషి కాడు, నడవడితోనే అవుతాడు. దేవతలను ఎలా కొలవాలని అడిగితే ముందు మనుషులకు చేయవలసింది నేర్చుకోమన్నాడు. చచ్చాక ఏమవుతుందని అడిగితే బతకడమే ఇంకా తెలియలేదన్నాడు.

ప్రజలు పెద్దకు లోబడి ఉండాలన్న చోట ఊరిపెద్ద ఎంతో సంతోషించి, అది మళ్లీ ఒకసారి వెనకవాళ్లకు వినబడేటట్టు చెప్పమన్నాడు. లియాంగ్ మళ్లీ చెప్పి, మిగతా సగం కూడా కలిపాడు: ఆ పెద్ద పెద్దలా ఉండాలి, లేకపోతే ఆ పేరు అతనికి చెల్లదు. ఊరిపెద్దకు ఇంటి దగ్గర ఏదో పని గుర్తుకొచ్చింది.

గురువు ఎవరినైనా శిష్యుడిగా తీసుకునేవాడని, ఎండబెట్టిన మాంసం ఒక కట్ట తెచ్చిస్తే చాలని లియాంగ్ మాటవరసకు అన్నాడు. అదొక్కటే జనానికి స్పష్టంగా అర్థమైంది. మర్నాడు ఇంటికొక ఎండుచేపల కట్ట దిబ్బెక్కింది. దీక్షలో ఉన్నవాడు నీచు ముట్టకూడదు, తెచ్చినది కాదంటే మర్యాద కాదు. లియాంగ్ ఒక్కొక్క కట్టకు వంగి దండం పెట్టి పుచ్చుకున్నాడు. వారం తిరిగేసరికి గుడిసెలో ఆయనకు చోటు లేదు. పల్లెలోని పిల్లులన్నీ శిష్యులయ్యాయి.

పోలనకు ఇవేవీ అక్కర్లేదు. కనుగొన్నవాడు తనే కాబట్టి పొద్దుటి గంజి తెచ్చే హక్కు తనదేనని ఊరితో పోట్లాడి సంపాదించుకున్నాడు. ఎనిమిది రోజులు గంజి పోసి, తొమ్మిదో రోజు అసలు సంగతి బయటపెట్టాడు.

"సామీ, నాకు బాతుల మంత్రం ఒకటి కావాల. నా మంద నా మాట వినాల."

"నాకు బాతుల మంత్రం రాదు పోలనగారూ. వారు ఎవరి మాట వింటారు?"

"మా అమ్మ మాట."

"అయితే అమ్మగారిని అడగండి."

"అడిగేదయితే నీ దగ్గరికి ఎందుకొస్తాను సామీ" అని పోలన కూలబడిపోయి మొత్తం కథ చెప్పాడు. ఒక్క నారుమడి దగ్గర తానన్న మాట మాత్రం మింగేశాడు. కార్తీకం వస్తోందని, ఆ దొడ్డి గోడ నిలబడదని, ఆమె రాదని, తనకు అడగడం చేతకాదని చెప్పుకున్నాడు.

లియాంగ్ కళ్లు మెరిశాయి. అడగడానికి ఒక పద్ధతి ఉంది, అది తాను నేర్పగలనన్నాడు. ఆనాటి నుంచి దిబ్బ మీద శిక్షణ మొదలైంది. ఎన్ని అడుగుల దూరంలో నిలబడాలి, చూపు ఎక్కడ నిలపాలి, గొంతు ఎంత తగ్గించాలి, మూడుసార్లు ఎలా సాష్టాంగపడాలి, ఆమె కాదంటే నొచ్చుకోకుండా ఎలా వెనుదిరగాలి. తల్లి స్థానంలో ఒక గుంజ పాతారు. పోలన రోజూ గుంజకు దండాలు పెట్టి, ఇంటికి రమ్మని బతిమాలేవాడు. బాతులు వరుసగా నిలబడి చూసేవి. పదిరోజులకు పోలన అంత చక్కగా వంగే మనిషి ఈ తీరంలో లేడు.

మంచి రోజు చూసుకుని, ఉతికిన పంచె కట్టి వాగు దాటాడు. కామసాని దొడ్డి ముందు కూర్చుని నత్తలు కడుగుతోంది. పోలన అయిదడుగుల దూరంలో ఆగి, మూడుసార్లు బురదలో నుదురు ఆనించి లేచాడు.

"ఏందే ఇది?" అంది కామసాని కుంటి బాతుతో. "నీ యజమాని ఏమన్నా పోగొట్టుకున్నాడా? ఎతుకతా ఉండాడు."

"పూజ్యురాలైన తల్లీ, వర్షకాలం సమీపించుచున్నది గావున..." అని పోలన మొదలుపెట్టాడు.

కామసాని నత్తల గిన్నె పక్కన పెట్టింది. అయిదు నెలల తరువాత మొదటిసారి కొడుకు ముఖం చూసి మాట్లాడింది.

"మూడుసార్లు వంగావే, ఎందుకురా?"

"చీనయ్య వంగమన్నాడు."

"అయితే పోయి ఆయనకే వంగు" అని గిన్నెలోని నీళ్లు అతని కాళ్ల ముందు పారబోసి లోపలికి పోయింది.

బురద ముఖంతో పోలన దిబ్బెక్కి, నీ విద్య పనికిరాలేదని లియాంగ్ మీద విరుచుకుపడ్డాడు. లియాంగ్ తల వంచుకున్నాడు. "తప్పు నాది. పద్ధతి నేర్పాను, మనసు సంగతి మరిచాను. మనసు లేని మర్యాదను మా గురువుగారు అసలు మర్యాదే కాదనేవారు" అని, "ఆ రోజు నారుమడి దగ్గర మీరు అమ్మగారిని ఏమన్నారు?" అని అడిగాడు.

పోలన అటూ ఇటూ చూసి చెప్పాడు. పెట్టింది తినమన్నానన్నాడు.

"బాతుగార్లకు ఏం పెడతారు?"

"నూకలు, తవుడు."

"వేళకు పెడతారా?"

"ఒక్క పూట తప్పను."

"పడుకునే చోటు కూడా మీరే చూపిస్తారు. మరి అమ్మగారికీ తిండి, చోటు చూపించారు. బాతుగార్లకు, అమ్మగారికి మీ దగ్గర తేడా ఏమిటి పోలనగారూ?"

అడిగినవాడు మెత్తగానే అడిగాడు. కాని పోలనకు ఒళ్లు మండిపోయింది. "మీ అమ్మను వదిలేసి సముద్రాలు దాటి వచ్చినోడివి, నువ్వా నాకు చెప్పేది?" అన్నాడు.

"అవును" అన్నాడు లియాంగ్. "అమ్మానాన్నలుండగా దూరదేశం పోవద్దని మా గురువుగారు చెప్పారు. ఆ మాట నాకు ఏడేళ్ల వయసు నుంచి కంఠస్థం. ఓడ ఎక్కేటప్పుడు కూడా కంఠస్థమే. అమ్మ రేవు దాకా వచ్చి వద్దంది. తొందరగా వస్తానన్నాను."

పోలన అలిగి వెళ్లిపోయి మూడు రోజులు గంజి పోయలేదు.

నాలుగో రోజు మధ్యాహ్నం తూర్పుగాలి తిరిగింది. ఆకాశం నల్లబడింది. సముద్రం వాగును వెనక్కి నెట్టసాగింది. పల్లెలో నీళ్లు చేరడంతో జనం మేకలను, ముసలివాళ్లను పట్టుకుని దిబ్బెక్కడం మొదలుపెట్టారు. బాతులన్నీ ఒక్కసారిగా అరిచి వాగులో దూకి అవతలి ఒడ్డుకు ఈదాయి. పోలన వెదురు కర్ర తీసుకుని వాటి వెనకే దూకాడు. బాతుల కోసమని ఊరివాళ్లతో అన్నాడట. అది అబద్ధమని అతనికీ తెలుసు, వాళ్లకూ తెలుసు.

రొమ్ములోతు నీళ్లలో తడబడుతూ దొడ్డి చేరేసరికి ఒక గోడ కూలిపోయి ఉంది. కామసాని మిగిలిన గోడ మీద కుంటి బాతును ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. చుట్టూ నూట ముప్ఫై తొమ్మిది బాతులు నీళ్లలో ఊగుతున్నాయి.

"దండాలు పెట్టను వచ్చావా?" అంది.

పోలనకు నేర్చిన పాఠం ఒక్క ముక్క గుర్తురాలేదు. నిలబడవలసిన దూరం గుర్తురాలేదు. గోడ పట్టుకుని చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. "అమా, వాగులో లోతు యాడుందో నాకు తెలవదు. వచ్చేటప్పుడే రెండుసార్లు మునిగినా. బాతులు నా మాట వినవు. నాకు చేతగాదమా. నలుగురిలో నీ చేతిలో కర్ర లాక్కున్నా, తప్పు నాది. పెట్టింది తినమన్నా, అది నోరు గాదు. నువ్వొచ్చి ఈ కర్ర పట్టుకో."

కామసాని చెయ్యి చాచి కర్ర అందుకుంది.

"ఈ మాట అనను అయిదు నెలలు పట్టిందిరా నీకు? ఈ కుంటిదాన్ని నెత్తిన పెట్టుకో ముందు."

ఆమె నీళ్లలోకి దిగి కూత కూసింది. ఆ గాలిలో కూడా ఆ కూత వినబడింది. చూపు ఆనకపోయినా వాగు అడుగు ఆమె కాళ్లకు తెలుసు. కర్రతో తడుముతూ, మెరక మీదనే అడుగు వేస్తూ ముందు ఆమె, చుట్టూ బాతులు, వెనక నెత్తిన కుంటి బాతుతో పోలన. దారిపొడుగునా ఆమె తిడుతూనే ఉంది. చిన్నప్పుడు కుండ పగలగొట్టిన దగ్గర్నుంచి మొదలుపెట్టి వరస తప్పకుండా తిట్టింది. పోలన ప్రతిదానికీ "అవునమా" అన్నాడు. ఇంత హాయిగా అతను చాలాకాలంగా లేడు.

దిబ్బ మీద ఊరంతా ఉంది. లియాంగ్ గుడిసె కప్పు ఎగిరిపోయింది, ఎండుచేపలు ఎటో పోయాయి. ఆయన తల్లి పేరున్న పలకను గుండెలకు హత్తుకుని వానలో కూర్చున్నాడు. కామసాని ఒడ్డెక్కి, పోలన తల వంచి కొంగుతో తుడుస్తూ, తుడిచే చెయ్యి ఆగకుండా, తిట్టే నోరు ఆగకుండా నిలబడింది. అది చూస్తూ లియాంగ్ బావురుమన్నాడు.

"నువ్వెందుకయ్యా ఏడుస్తావు?" అంది కామసాని.

"మీరు తిడుతున్నారు. మా అమ్మ కూడా ఇట్లాగే తల తుడుస్తూ తిట్టేది."

కామసాని ఆయన దగ్గరికి పోయి, అదే కొంగుతో ఆయన తల కూడా తుడిచింది. "ఇంత గాలిలో ఆ గోనెగుడ్డ కట్టుకుని కూర్చుంటావా? చదువుకున్నోడివి, బుద్ధుండక్కర్లా? గంజన్నా తాగావా?"

"గంజిగారు మూడు రోజులుగా రాలేదు" అన్నాడు లియాంగ్.

కామసాని కొడుకు వైపు తిరిగింది. ఆ తిట్లు ఈ పుస్తకంలో అచ్చువేయడానికి వీలుకాదు. లియాంగ్ ఏడుస్తూనే నవ్వాడు. దీక్షలో నవ్వకూడదు. నవ్వినందుకు మర్నాడు తల్లి పలక ముందు క్షమాపణ చెప్పుకున్నాడు, ఎందుకు నవ్వాడో కూడా చెప్పుకున్నాడు.

ఇరవై ఏడు నెలలూ నిండాక రేవులోకి చీనా ఓడ వచ్చింది. తల్లి పలకను పట్టుబట్టలో చుట్టుకుని లియాంగ్ బయలుదేరాడు. దాన్ని ఇంటికి చేర్చడం ఆయన విధి. ఊరివాళ్లు ఆ పలకైనా వదిలిపెట్టమని, తాము పూజించుకుంటామని కాళ్లావేళ్లా పడ్డారు. "మా అమ్మకు మీరెందుకు దండం పెట్టాలి?" అని ఆయన ఆశ్చర్యపోయాడు. వాళ్ల ముఖాలు చూడలేక, గుడిసె తలుపు చెక్క కోసి, నున్నగా చిత్రికపట్టి, అదే కొలతలో మరొక పలక చేసి అరుగు మీద నిలబెట్టాడు. దాని మీద ఏమీ రాయలేదు.

"మీ గురువు పేరైనా రాయి సామీ, ఉత్త చెక్కకు ఎట్లా మొక్కేది?" అన్నాడు ఊరిపెద్ద.

"ఇక్కడ రాయవలసిన పేరు నాకు తెలియదు. దీని ముందు నిలబడినవారికి తెలుస్తుంది. ఆ పేరు గలవారు ఇంట్లో ఉంటే మాత్రం ఎవరికీ ఇక్కడ పని లేదు. ఇంటికి వెళ్లి వారితోనే మాట్లాడండి" అని చెప్పి, మనిషి మనిషికీ, బాతు బాతుకూ దండం పెట్టి ఓడ ఎక్కాడు. దండాలు పూర్తయ్యేసరికి ఓడ ఒక పోటు ఆలస్యమైంది.

పలకకు కాపలాగా పోలన కుదిరాడు. రోజూ గడప ఊడ్చేవాడు, పైకప్పు మార్చేవాడు, లోపలికి మాత్రం అడుగుపెట్టేవాడు కాదు. పొరుగూళ్లవాళ్లు వింతపడితే, మా అమ్మ ఇంట్లో ఉందనేవాడు. కామసాని మరి పదకొండేళ్లు బతికి, చూపు పూర్తిగా పోయినా కర్ర చేతిలోనే ఉంచుకుని, కొడుకును రోజుకు రెండుపూటలా తిట్టి, ఒక చలికాలం పొద్దున బాతులను బయటికి వదిలి, గుమ్మంలో కూర్చుని పోయింది. కర్మకాండ అయ్యాక పోలన ముతకబట్ట కట్టుకుని దిబ్బెక్కి, మొదటిసారి గడప దాటాడు. పలక ముందు చాలాసేపు నిలబడ్డాడు. ఎంతసేపు నిలబడినా అన్నానికి రమ్మని ఎవరూ తిట్టలేదు. ఈ స్థలంలో జరిగిన మొదటి దర్శనం అది.

నేటికీ అదే ఆచారం. చెక్క పుచ్చిపోయినప్పుడల్లా అదే కొలతలో కొత్త పలక పెడతారు, ఏమీ రాయరు. గడప దగ్గర కూర్చున్న పెద్దాయన యాత్రికులను గోత్రనామాలు అడగడు. "అమ్మ ఉందా? నాన్న ఉన్నాడా?" అని అడుగుతాడు. ఇద్దరిలో ఒక్కరున్నా లోపలికి పంపరు. ఎనిమిదేళ్ల కిందట ఒక పెద్ద అధికారి మూడు జీపులతో వచ్చి, ప్రత్యేక దర్శనం కావాలన్నాడు. తల్లి ఉందని, సొంత ఊళ్లో ఉందని, చూసి రెండేళ్లయిందని ఆయన నోటనే వచ్చింది. వంతెన దాకా తిట్టుకుంటూ వెళ్లాడు. వంతెన దగ్గర జీపు ఆపించి చాలాసేపు ఫోన్లో మాట్లాడాడని ఉప్పుకయ్యలవాళ్లు చూసి చెప్పారు. జీపులు నగరం వైపు కాకుండా రెండోవైపు తిరిగాయి. ఆయన ఇంతవరకు మళ్లీ రాలేదు. అందుకు మాకు ఎంతో సంతోషంగా ఉంది.

శ్రద్ధగా ఈ పురాణం చదివినవారికి, విన్నవారికి, చదవకుండా దిండు కింద పెట్టుకున్నవారికి కూడా చీనయ్యదిబ్బ పెద్దల ఆశీర్వచనం ఇది: మీ అందరికీ ఇక్కడి దర్శనం మిక్కిలి ఆలస్యమగుగాక.